మనసు పదమంటుంది... ఒళ్లు వద్దంటుంది!

మల్లన్న మొక్కు, పోలీసు కొలువు, మెడలో పతకం... కారణం ఏదైనా కావచ్చు. ఒంట్లో నలతగా ఉన్నా 'ఈ ఒక్కసారికీ' అనుకుని బయల్దేరేవాళ్లు ఎందరో. వాళ్లలో గమ్యం చేరినవాళ్ల కథలే మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆగాల్సినచోట ఆగనివాళ్ల కథలూ తెలుసుకోవాలి. ఎందుకంటే అవి మన ఇంటి కథలు కూడా!

మహాశివరాత్రికి వారం ముందు నంద్యాల జిల్లా ఆత్మకూరు వెళ్లి చూడండి. తెల్లవారుజామునే రోడ్డుమీద జనం బారులు తీరి కనిపిస్తారు. నెత్తిన మూట, చేతిలో కర్ర, నోట శివనామం. కొందరి కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. వాళ్లంతా వెళ్లేది శ్రీశైలానికి. బస్సెక్కితే కొన్ని గంటల ప్రయాణం. కానీ వాళ్లు ఎంచుకున్నది నల్లమల అడవిలోంచి పోయే కాలిబాట.

ఆ గుంపును కాస్త నిదానంగా గమనిస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఒకరు మోకాలికి బిగించి గుడ్డ కట్టుకుని ఉంటారు. ఇంకొకరు చెవులకు తువ్వాలు చుట్టుకుని దగ్గుకుంటూ నడుస్తుంటారు. ఓ పెద్దావిడ కొంగుముడిలో మాత్రల పొట్లాలు. బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి, రాత్రి నుంచీ కాస్తున్న జ్వరానికి ఒకటి!

'ఒంట్లో బాగాలేనప్పుడు ఈసారికి ఇంటిపట్టున ఉండకూడదా' అని అడిగితే ఈ సీమలో వినిపించే జవాబు దాదాపు ఒకటే... ఆయప్ప పిలిచినాక పోకుంటే ఎట్లా?

ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ నమ్మకాన్ని మోయాల్సింది రెండు కాళ్లు, ఒక గుండె. వాటి మాట కూడా వినాలి కదా!

మల్లన్న బాట

శ్రీశైలం, అహోబిలం, మహానంది, యాగంటి... పేరుమోసిన ఈ క్షేత్రాలన్నీ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఉన్నాయి. నడిచి వెళ్లి దేవుణ్ని చూడటం ఇక్కడివాళ్లకు తరతరాలుగా అలవాటు. శ్రీశైలానికి కాలిబాట ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిలోకి మలుపు తిరుగుతుంది. నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా మల్లన్న సన్నిధికి చేరుతుంది. మొత్తం 40 కిలోమీటర్ల పైమాటే. చదునైన దారి అయితే ఏమోగానీ ఇది కొండదారి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగాలి. దిగినంతా మళ్లీ మెట్లుమెట్లుగా పైకెక్కాలి. అప్పటికే ఒకటి రెండు రోజులు నడిచి ఉంటారు కాబట్టి ఆ చివరి ఎక్కుడు దగ్గరే కుర్రాళ్లకు కూడా కాళ్లు వణుకుతాయి.

ఈ దారికి పెద్ద చరిత్రే ఉంది. 14వ శతాబ్దంలో కొండవీటి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ కూడా మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానకవి ఎర్రన అహోబిల నరసింహుడి కథనే 'నృసింహపురాణం'గా రాశాడు. భక్తుడి కాలికి కష్టం తగ్గాలని ఓ రాజు అడవిలో రాళ్లు పరిపించాడన్నమాట. అదే వంశానికి చెందిన అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో మరో కట్టడం కట్టించాడు. దానిపేరు వీరశిరోమండపం. భక్తి పరాకాష్ఠకు చేరినవాళ్లు అక్కడ నాలుకలు, తలలు కోసి శివుడికి అర్పించుకునేవారని శాసనం చెబుతోంది.

ఒకే వంశం, ఒకే క్షేత్రం. భక్తుడి శరీరాన్ని కాపాడాలనుకున్న మెట్లు ఒకవైపు, ఆ శరీరాన్నే కానుకగా ఇచ్చేయమన్న మండపం మరోవైపు. తలలు కోసుకునే కాలం ఎప్పుడో పోయింది. కానీ 'ఒళ్లు ఏమైతే అయింది, మొక్కు తీరాల్సిందే' అన్న ఆలోచన మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

శివరాత్రి అయిపోయిందనుకుంటే ఉగాది వస్తుంది. కర్ణాటక నుంచి వేలమంది కాలినడకన ఇదే దారిపడతారు. భ్రమరాంబ వాళ్లకు ఆడపడుచు. పుట్టింటివాళ్లుగా పండక్కి సారె తీసుకుని వస్తున్నామంటారు. వందల కిలోమీటర్ల నడక, అందులోనూ కొందరు కొయ్యకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. అది మార్చి ఆఖరో, ఏప్రిలో. నంద్యాల ప్రాంతంలో ఎండ చురుక్కుమనే కాలం. ఈ జిల్లాలో నడి వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. కాబట్టి పండక్కి నడక అంటే భక్తికే కాదు, ఒంట్లోని నీటికి కూడా పరీక్షే!

చెప్పని జ్వరం

జబ్బుతో నడిచేవాళ్లందరూ మొండివాళ్లు కారు. చాలామందిది మొహమాటం. ఊరంతా కలిసి బయల్దేరుతుంటే 'నాకు బాగాలేదు' అంటే బృందం మొత్తానికి అడ్డంకి అవుతానేమోనన్న బెంగ. 41 రోజులు దీక్ష చేసి చివరి నిమిషంలో మానుకుంటే దేవుడికి కోపం వస్తుందేమోనన్న భయం. పిల్లాడికి నయమైతే నడిచొస్తానని మొక్కుకున్న తల్లి అయితే తనకు నూటరెండు జ్వరం ఉన్నా ఎవరికీ చెప్పదు. చెబితే ఆపేస్తారని ఆమెకు తెలుసు.

ఇక షుగరు ఉన్నవాళ్ల సంగతి. శివరాత్రి అంటే ఉపవాసం, జాగారం. షుగరు మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుంటారు. కడుపులో ఏమీ లేదు, పైగా రోజంతా నడక. రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి జారితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు 'భక్తి పారవశ్యం' అనుకుంటారు. నిజానికి ఆ మనిషికి అప్పుడు కావాల్సింది గ్లూకోజు, చక్కెర, ఏదో ఒకటి తీయగా నోట్లో పడటం.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. చెప్పుల్లేకుండా నడుస్తుంటే ముల్లు దిగినా, అరికాలు బొబ్బలెక్కినా తెలియదు. ఇంటికొచ్చాక వారానికి పుండు కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు నడక... ఆస్పత్రుల చుట్టూ!

దారిపొడవునా అన్నదానాలు, మంచినీళ్లు, వైద్యశిబిరాలు ఉంటున్నాయి. అయినా అది అడవి. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట్లు, వాహనం రాలేని మలుపులు చాలానే ఉంటాయి. అక్కడ పడిపోయిన మనిషిని నలుగురు మోసుకురావాల్సిందే. ఊళ్లో పావుగంటలో అందే సాయం అక్కడ గంటలు పట్టొచ్చు.

నేతల నడక... కట్టుకట్టిన కాళ్లు

బాగాలేకపోయినా నడవడం తెలుగువాళ్లకు బాగా తెలిసింది గుడి దారిలోనే కాదు, రాజకీయాల్లో కూడా. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో బయల్దేరిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఆ ఏడాది జూన్‌లో ఇచ్ఛాపురం చేరేసరికి దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచారు. అదీ మామూలు వేసవి కాదు. ఆ ఎండలకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. రాజమండ్రి చేరేసరికి ఆయనకూ వడదెబ్బ తగిలింది. కొన్నిరోజులు ఆగి, వైద్యం చేయించుకుని, మళ్లీ కదిలారు.

2012 అక్టోబరు 2న హిందూపురంలో 'వస్తున్నా... మీకోసం' మొదలుపెట్టినప్పుడు చంద్రబాబునాయుడికి 62 ఏళ్లు. మధ్యలో వేదిక కూలి దెబ్బ తగిలింది. కాళ్ల నొప్పులు వేధించాయి. వైద్యులు విశ్రాంతి తీసుకోమని చెబుతూనే ఉన్నారు. అయినా 2013 ఏప్రిల్‌లో విశాఖపట్నం చేరేదాకా దాదాపు 2,800 కిలోమీటర్లు నడిచారు. 2012 అక్టోబరు 18న ఇడుపులపాయలో బయల్దేరిన షర్మిలకు డిసెంబరులో మోకాలికి గాయమైంది. శస్త్రచికిత్స చేయించుకున్నారు. వారాలపాటు ఆగి, ఫిబ్రవరిలో తిరిగి మొదలుపెట్టి, ఆగస్టు 4న ఇచ్ఛాపురంలో 3,112 కిలోమీటర్ల యాత్ర ముగించారు.

నంద్యాలవాళ్లకు బాగా గుర్తుండే ఘట్టం 2023 మే నెలలోది. 'యువగళం' యాత్ర ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో సాగుతున్నప్పటికే నారా లోకేశ్‌ను భుజంనొప్పి చాలారోజులుగా బాధిస్తోంది. చివరికి నంద్యాలలోనే ఎమ్మారై స్కానింగ్ తీయించుకున్నారు. ఆ తర్వాత యాత్ర కొనసాగి డిసెంబరులో విశాఖ దగ్గర ముగిసింది.

పార్టీలు వేరు, జెండాలు వేరు. ఈ నడకలన్నింట్లో కలిసే విషయం ఒకటుంది. నేతలు ఎక్కడా ఆగకుండా నడిచారని మనం అనుకుంటాం కానీ, చూస్తే వడదెబ్బ తగిలినప్పుడు ఆగినవాళ్లు ఉన్నారు. మోకాలు దెబ్బతింటే వారాలకు వారాలు ఆపేసినవాళ్లు ఉన్నారు. స్కానింగ్ తీయించుకుని ముందుకెళ్లినవాళ్లు ఉన్నారు. పక్కనే వైద్యుడు, వెనకే అంబులెన్సు, రాత్రికి పడుకోవడానికి ఏర్పాట్లు... ఇవన్నీ ఉన్నవాళ్లే అలా ఆగితే, కర్రపట్టుకుని ఒంటరిగా అడవిదారి పట్టే పెద్దాయన ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

గీత ముందు కూలినవాళ్లు

ప్రపంచమంతా చెప్పుకునే కథలు కొన్ని ఉన్నాయి. 1954 ఆగస్టు 7, కెనడాలోని వాంకూవర్. మారథాన్ పరుగులో బ్రిటన్‌కు చెందిన జిమ్ పీటర్స్ అందరికన్నా దాదాపు 17 నిమిషాలు ముందున్నాడు. మండే ఎండలో స్టేడియంలోకి అడుగుపెట్టాడు. మిగిలింది ఒక్క చుట్టుకూడా కాదు. కానీ కాళ్లు మాట వినలేదు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి గీత చేరకుండానే కుప్పకూలాడు. ప్రాణం దక్కింది కానీ ఆ తర్వాత పోటీల్లో ఆయన మళ్లీ పరిగెత్తలేదు.

1967 జులై 13న జరిగింది ఇంతకన్నా విషాదం. ఫ్రాన్స్ దేశమంతా చుట్టివచ్చే 'టూర్ డి ఫ్రాన్స్' సైకిల్ పోటీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ టామ్ సింప్సన్ మౌంట్ వెంటూ అనే కొండ ఎక్కుతున్నాడు. అప్పటికి కొన్నిరోజులుగా ఆయనకు కడుపు బాగాలేదు. తిన్నది నిలవడంలేదు. అయినా మానలేదు. పైగా అలసట తెలియకుండా ఉత్ప్రేరక మాత్రలు మింగాడు. కొండ శిఖరానికి కాస్త దూరంలో సైకిల్‌మీద నుంచి ఒరిగిపోయాడు. 29 ఏళ్లకే ప్రాణం పోయింది. ఎండ, ఒంట్లో నీరు ఇంకిపోవడం, కడుపు జబ్బు, నొప్పిని దాచిపెట్టిన మందు... ఏ ఒక్కటీ విడిగా ఆయన్ను చంపేది కాదేమో. నాలుగూ కలిశాయి.

'నొప్పిని దాచిపెట్టిన మందు' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మన దగ్గర ఆ పని చేసేది మందులషాపులో అడగ్గానే దొరికే బిళ్ల!

ఒంట్లో ఏం జరుగుతుంది?

జ్వరం వచ్చిందంటే శరీరం లోపల ఓ యుద్ధం నడుస్తోందని అర్థం. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. అంటే మంచంమీద పడుకున్నా గుండె అప్పటికే నడుస్తున్నట్టు లెక్క. ఇక మనం నిజంగానే నడక మొదలుపెడితే దానికి రెట్టింపు చాకిరీ.

రెండోది వేడి. నడిచేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు మూడొంతులు వేడిగానే మారుతుంది. ఆ వేడిని చెమట బయటికి పంపాలి. జ్వరం ఉన్నవాళ్లలో ఒళ్లు ముందే వేడెక్కి ఉంటుంది. విరేచనాలయినవాళ్లలో చెమట పట్టడానికి నీరే ఉండదు. అందుకే వడదెబ్బ ప్రమాదం ఎక్కువగా ఉండేది ఎవరికి అంటే, ఈమధ్యే జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గినవాళ్ల పేరు వైద్యులు ముందు చెబుతారు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే అది ప్రాణాపాయమే. అలాంటప్పుడు వాహనం కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి.

మూడోది, అన్నింటికన్నా మోసకారి. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరాన్ని కూడా తాకుతాయి. దీన్ని మయోకార్డైటిస్ అంటారు. బయటికి పెద్దగా తెలియదు. కాస్త ఆయాసం, గుండె దడ, ఛాతీలో బరువు... అంతే. ఆ స్థితిలో పరిగెత్తితే గుండె లయ తప్పి మనిషి ఉన్నపళంగా కూలిపోవచ్చు. అందుకే ఇది వచ్చిన క్రీడాకారులను మూడు నుంచి ఆరు నెలలు పోటీలకు దూరంగా ఉంచుతారు. కొవిడ్ తర్వాత ఈ పేరు సామాన్యులకు కూడా తెలిసింది.

ఇక బిళ్ల సంగతి. పారాసెటమాల్ వేసుకుంటే థర్మామీటర్‌లో అంకె దిగుతుంది, జబ్బు దిగదు. లోపల యుద్ధం అలాగే ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలయితే ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మోకాలి నొప్పికని నాలుగు బిళ్లలు మింగి, నీళ్లు సరిగా తాగకుండా ఎండలో రెండురోజులు నడిస్తే నష్టపోయేది మోకాలు కాదు, కిడ్నీ!

అలాగని బిందెలకొద్దీ నీళ్లు తాగడం కూడా మందు కాదు. 2002లో అమెరికాలో జరిగిన బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో ఉప్పు ఉండాల్సినదానికన్నా తగ్గిపోయింది. పరుగు మధ్యలో మరీ ఎక్కువ నీళ్లు తాగి బరువు పెరిగినవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపించింది. దాహం వేసినప్పుడల్లా తాగాలి. చెమట బాగా పడుతుంటే మజ్జిగో, ఓఆర్ఎస్సో మధ్యమధ్యలో పడాలి.

కొలువు కోసం పరుగు

తెల్లవారుజామున నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్లలో మైదానానికి వెళితే మరో రకం భక్తులు కనిపిస్తారు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు సాధన చేసే పిల్లలు. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చే నోటిఫికేషన్, ఒకే ఒక్క రోజు, ఒకే ఒక్క అవకాశం. ఆరోజు నూటొక్క జ్వరం ఉంటే? 'ఇవాళ మానుకుంటే మళ్లీ వయసు దాటిపోతుంది' అన్న ఆలోచన ముందు ఏ డాక్టరు మాటా చెవికెక్కదు.

దీని మూల్యం ఎంతో 2024లో జార్ఖండ్ చూపించింది. అక్కడ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికల్లో అభ్యర్థులు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల ఉక్కపోతలో జరిగిన ఆ పరుగులో పదిమందికి పైగా యువకులు ప్రాణాలు కోల్పోయారు. దేశమంతా ఉలిక్కిపడింది. ప్రభుత్వం కొన్నిరోజులు పరీక్షలు ఆపాల్సి వచ్చింది. వాళ్లంతా ఇంటికి ఆసరా అవుతారని తల్లిదండ్రులు ఎదురుచూస్తున్న పిల్లలే.

ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఉద్యోగం కావాలి, నిజమే. కానీ ముందు ఆ ఉద్యోగం చేసే మనిషి ఉండాలి. 'బతికుంటే బలుసాకు తినొచ్చు' అన్నది చేతకాని మాట కాదు, లెక్క తెలిసిన మాట. జ్వరం ఉన్న సంగతి మైదానంలోని వైద్యసిబ్బందికి చెప్పడం పిరికితనం కాదు. అలాంటివాళ్లకు మరో తేదీ అడిగే వీలుందా అని ముందే కనుక్కోవడం అంతకన్నా తెలివైన పని.

మెడకు పైనా... కిందా?

మరి ఏ కాస్త జలుబు చేసినా మానుకోవాలా? అక్కర్లేదు. క్రీడావైద్యులు ఓ తేలిక లెక్క చెబుతారు. దాన్ని 'మెడ పరీక్ష' అనొచ్చు. బాధలన్నీ మెడకు పైనే ఉంటే... అంటే ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో కాస్త గరగర... పదినిమిషాలు మెల్లగా నడిచి చూడొచ్చు. హాయిగా అనిపిస్తే నెమ్మదిగా కొనసాగించొచ్చు. ఇంకా నీరసంగా అనిపిస్తే వెనక్కి తిరగాలి.

బాధ మెడకు కింద ఉంటే... ఛాతీలోంచి వచ్చే దగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు... ఇంకేమీ ఆలోచించొద్దు, ఆరోజుకు నడక లేదు, పరుగు లేదు, సైకిలూ లేదు. జ్వరం ఉంటే మెడతో పనే లేదు, విశ్రాంతే. జ్వరం తగ్గాక కూడా బిళ్ల వేసుకోకుండా కనీసం ఒక రోజంతా మామూలుగా ఉండాలి. ఆ తర్వాత మొదటిరోజే పాత వేగం అందుకోకూడదు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

ఆగడం తెలిసినవాళ్లు

దూరాన్నే ప్రేమించేవాళ్లు ఇంకో జాతి ఉన్నారు. వాళ్లను రాండొన్యూర్లు అంటారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. సైకిల్‌మీద 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తిచేయాలి. ఎవరు ముందొచ్చారన్న పోటీ ఉండదు. వేళలోపు చేరితే చాలు. ఇవన్నీ గట్టెక్కినవాళ్లు నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రకు వెళతారు. 1891లో పోటీగా పుట్టిన ఆ యాత్ర 2023లో కూడా జరిగింది. మన దేశం నుంచి వందలమంది వెళ్లారు.

అంత మొండిఘటాల నిఘంటువులో రెండు మాటలుంటాయి. ఒకటి 'డీఎన్ఎఫ్', పూర్తిచేయలేదు అని. రెండోది 'డీఎన్ఎస్', అసలు మొదలుపెట్టలేదు అని. ఫలితాల పట్టికలో పేరు పక్కన ఆ అక్షరాలుంటే ఎవరూ నవ్వరు. అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు చెప్పే పాఠమే అది. వాంతులవుతుంటేనో, నిద్రమత్తులో సైకిలు పక్కకు లాగుతుంటేనో ఆగిపో. దారి ఎక్కడికీ పోదు, వచ్చే నెలా అక్కడే ఉంటుంది.

మన మొక్కుల పట్టికలో ఆ గడి ఎందుకు లేదు? నిజానికి ఉంది. మనమే మర్చిపోయాం. అనుకున్న వేళకు మొక్కు తీర్చలేనప్పుడు పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే. 'ఈసారికి క్షమించు స్వామీ, వచ్చే ఏడు తప్పకుండా వస్తా' అని దేవుడికి చెప్పుకునే వీలు అది. అమ్మమ్మల కాలంలోనే కనిపెట్టిన డీఎన్ఎస్!

దేవుడూ ఆగుతాడు

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలవాళ్లకు ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఏటా సంక్రాంతి వెళ్లగానే అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు పల్లకిలో పారువేటకు బయల్దేరుతారు. చెంచులక్ష్మితో తన కల్యాణానికి రమ్మని స్వామే స్వయంగా ఊరూరా తిరిగి పిలుస్తాడని నమ్మకం. ముప్పైకి పైగా గ్రామాలు, 40 రోజులకు పైగా ప్రయాణం. తెలుగునేలమీద దేవుడు చేసే అతి సుదీర్ఘమైన నడకల్లో ఇదొకటి.

ఆ నడక ఎలా సాగుతుందో చూశారా? స్వామి ఒక్క పరుగున ఊళ్లన్నీ చుట్టేసి రాడు. ప్రతి ఊళ్లోనూ ఆగుతాడు. ఆయన కొలువుదీరడానికి 'తెలుపు' అని పిలిచే అరుగులే ఉంటాయి. అక్కడ కూర్చుని, పూజలందుకుని, విశ్రాంతి తీసుకుని గానీ కదలడు. పల్లకి మోసే బోయీలు కూడా అంతే. ఎంత భక్తి ఉన్నా ఒకే భుజంమీద 40 రోజులు మోయరు. బరువెక్కగానే భుజం మారుస్తారు, అలసినవాడు తప్పుకుంటే పక్కవాడు అందుకుంటాడు. అలా తప్పుకున్నవాడి భక్తిని ఎవరూ శంకించరు. పల్లకి సాగుతూనే ఉంటుంది.

హిరణ్యకశిపుణ్ని చీల్చిన స్వామికే ఊరికో అరుగు కావాల్సి వచ్చింది. నూటరెండు జ్వరంతో నాగలూటి దారిపట్టే మనకు ఒక్క రోజు మంచం అక్కర్లేదా?

బయల్దేరే ముందు...

* దీక్ష పట్టిన రోజు నుంచే నడక మొదలుపెట్టండి. 41 రోజులూ దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటే కాళ్లకు, గుండెకు అదే శిక్షణ.
* బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందే వైద్యుడికి చూపించుకోవాలి. ఉపవాసం రోజు షుగరు మాత్ర ఎంత వేసుకోవాలో, అసలు వేసుకోవాలో వద్దో ఆయన్నే అడగాలి.
* షుగరు ఉన్నవాళ్లు చెప్పుల్లేకుండా నడవకూడదు. రాత్రి బసలో రెండు అరికాళ్లనూ వెలుతురులో చూసుకోవాలి. జేబులో చక్కెరో, గ్లూకోజో ఉంచుకోవాలి.
* ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవాలి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి.
* నడక ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. నడిమధ్యాహ్నం చెట్టునీడే.
* బృందంలో ఒకరు రోజూ అందరినీ 'ఎలా ఉంది' అని అడిగి తెలుసుకోవాలి. బాగాలేదని చెప్పినవాళ్లను చిన్నబుచ్చకూడదు. ఒంటరిగా వెనక్కి పంపకూడదు, తోడు ఒకరు ఉండాలి.
* ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, తికమక మాటలు, మూత్రం బాగా తగ్గడమో ముదురురంగులో రావడమో... వీటిలో ఏది కనిపించినా నడక అక్కడితో ఆపేయాలి. దగ్గర్లోని వైద్యశిబిరానికి వెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి.
* జ్వరం బిళ్ల వేసుకుని నడక మొదలుపెట్టొద్దు. బిళ్ల లేకుండా ఒళ్లు చల్లగా ఉన్నరోజే మంచిరోజు!